వాగుకు ఇస్త్రీ చేసిన టైలర్

ఊళ్ళో అందరూ అతన్ని స్కేలు అంటారు. అసలు పని టైలరింగ్. వంకర కనిపిస్తే ఒళ్ళు మండిపోతుంది మహానుభావుడికి. గోడమీద క్యాలెండర్ పక్కకి వాలితే అన్నం ముందునుంచి లేచి వెళ్ళి సరిచేసి వస్తాడు. ఆ పిచ్చే తనని ఇంతవాణ్ణి చేసిందని చెప్పుకునేవాడు. ఎంతవాణ్ణి చేసిందో తర్వాత తెలిసొచ్చింది.

పాతికేళ్ళ కిందట అతని పొలంలో వాగు మూడు మెలికలు తిరిగి పారేది. తాగినవాడు వేసిన కుట్టులా ఉందని విసుక్కుని, సుద్దపొడితో గీత గీయించి, యంత్రం అద్దెకు తెచ్చి తిన్నగా తవ్వించేశాడు. రెండ్రోజులు గట్టుమీద నిలబడి మురిసిపోయాడు కూడా. వాగుకే బుద్ధి చెప్పిన మొనగాడు మరి!

మెలికలు పోయేసరికి నీళ్ళకి పట్టపగ్గాలు లేకుండా పోయాయి. ఆ ఉరవడి నేరుగా దిగువనున్న అక్క పొలాన్ని కొట్టింది. ఏటా ఓ చాప వెడల్పు గట్టు కూలేది. నిమ్మచెట్లు పోయాయి, పశువుల పాక పోయింది. ఇప్పుడు వాగు ఆవిడ పెరటిగోడకి పది అడుగుల్లో ఉంది. కూలినప్పుడల్లా తమ్ముడు పరిగెత్తుకెళ్ళి, "పాడు వానలక్కా!" అని ఓదార్చి, ఆవిడ ఇచ్చిన టీ తాగి వచ్చేవాడు. సిగ్గూ శరమూ ఉంటే ఆ టీ గొంతు దిగేదా?

ఈ ఏడు నీటిపారుదల ఆఫీసువాళ్ళు కొత్తగా గ్రాంటు పెట్టారు. వాగు ఒడ్డున భూమి ఉన్నవాళ్ళు పాత మెలికలు మళ్ళీ తవ్వించి, గట్టున చెట్లు నాటితే ఖర్చు ఇస్తారు. ఎగువ రైతూ దిగువ రైతూ ఇద్దరూ సంతకం పెట్టాలి. ఫారంలో గట్టు కోతకు కారణం ఏమిటన్న గడిలో అతను ముత్యాల్లాంటి అక్షరాలతో "అధిక వర్షాలు" అని రాశాడు.

ఆఫీసు నుంచి వచ్చిన అమ్మాయి గట్టుమీద పాత పటం విప్పింది. "ఇందులో వాగు మెలికలుగా ఉందండీ. తిన్నగా ఎవరు చేశారు?"

"మా తమ్ముడేనమ్మా! ఎంత నీటుగా తవ్వించాడో చూడు," అంది అక్క గర్వంగా.

"మీ గట్టు ఎప్పట్నుంచి కూలుతోంది?"

"అదీ... వీడు తవ్వించిన మరుసటేడు..." అక్క ఆగిపోయింది.

అమ్మాయి జాలిపడింది. "తెలియక చేసుంటారు లెండి. చాలామంది చేస్తారు."

ఆహా, ఎంత చక్కటి దారి! తలూపితే చాలు, బతికిపోయేవాడు. ఊపబోయాడు కూడా. అంతలో అక్కే, "అవునమ్మా, పాపం వాడికేం తెలుసు," అనేసింది. ఊపబోయిన తల అక్కడే ఆపేశాడు.

"తెలుసక్కా. రెండో ఏడే తెలిసింది. నువ్వు నాతో మాట్లాడవేమోనని నోరు మూసుకున్నాను."

అక్క అమ్మాయి చేతిలోంచి ఫారం లాక్కుని సంతకం పెట్టి ఇచ్చేసింది.

"ఇన్నేళ్ళూ వానని తిట్టానురా. నీకు టీ ఇచ్చి మరీ తిట్టాను! నువ్వెళ్ళిరా అమ్మా. ఒరేయ్, నువ్విక్కడ కూర్చో."

అతను గడ్డిలో చతికిలబడ్డాడు. అక్క తిట్టడం మొదలుపెట్టింది. ఆవిడ పక్కన భయం లేకుండా కూర్చోవడం ఇన్నేళ్ళలో అదే మొదటిసారి.