సంతకం పడని బిల్లు

పారిజాతాల వాసన తగిలితే టాటానగర్ టెల్కో కాలనీలో అందరికీ దుర్గాపూజ గుర్తొస్తుంది. నాకు మాత్రం భాస్కర్‌గాడు చేసిన అన్యాయమే గుర్తొస్తుంది.

అప్పుడు మేం ఎనిమిదో తరగతి. మా బడిలో తెలుగు పీరియడ్ ఒకటుండేది. నస్యం మరకల కండువాతో నరసయ్య మాస్టారు పద్యం ఎత్తుకుంటే, పక్క గదిలోంచి హిందీ ఎక్కాలు, దూరాన కార్ఖానా సైరన్, ఎవరి టిఫిన్ డబ్బాలోంచో ఆవపెట్టిన పులిహోర ఘాటు, అన్నీ కలిసి వచ్చేవి. ఆయన పూజ సెలవులకు రిటైరవుతారనీ, ఆ తర్వాత తెలుగు ఉండదనీ అనుకునేవారు.

ఆ రోజుల్లోనే సివిక్స్ టీచరమ్మ మాకు అమెరికా ప్రభుత్వాన్ని ఆటగా నేర్పింది. కిటికీ వైపు బెంచీలు ప్రతినిధుల సభ, గోడ వైపువి సెనేట్, ఓట్లతో గెలిచిన భాస్కర్ ప్రెసిడెంట్. రెండు సభలూ ఒప్పుకుని ప్రెసిడెంట్ సంతకం పెట్టిన చట్టాన్ని తానే హెడ్మాస్టరు దగ్గరికి తీసుకెళ్తానని మాటిచ్చింది. తెలుగు పీరియడ్ ఉండాలని నేను బిల్లు పెట్టాను. కమిటీలో వాదించి, బెంగాలీ పిల్లల్నీ ఒడియా పిల్లల్నీ బతిమాలి రెండు సభల్లోనూ నెగ్గించాను. మిగిలింది మా తెలుగువాడి సంతకమే.

"ఏట్రా, సంతకం ఎట్టవా?"

"ఆగవే, చూత్తాను. అంత జల్దీ ఏటి? పెసిడెంటుని నేనా, నువ్వా?"

వద్దని వీటో చేసినా బాగుండేది. మూడింట రెండొంతుల ఓట్లతో దాన్ని తోసేసేవాళ్లం. వాడు బిల్లుని ఊరికే తన దగ్గర ఉంచుకున్నాడు. ఇంతలో సెలవుల గంట మోగింది. విజయనగరం బండి అందుకోవాలని టాటానగర్ స్టేషన్‌కి పరిగెత్తే తొందరలో, సభ ముగించాలని గట్టిగా అరిచింది మా తెలుగు పిల్లలే. తిరిగొచ్చాక టీచరమ్మ చెప్పింది: సభ నడుస్తూ ఉంటే పది రోజుల తర్వాత సంతకం లేకపోయినా చట్టమయ్యేదట, ఈలోగా సభ ముగిస్తే బిల్లు చచ్చిపోతుందట.

మాస్టారి పీరియడ్‌లో డ్రిల్లు వేశారు.

మొన్న మా ఊళ్లోనే సీతారాండేరాలో ఒక పెళ్లిలో, జుట్టంతా నెరిసిన భాస్కర్‌ని నిలదీశాను.

"వద్దని నానేటీ అన్నేదు కదే!" అన్నాడు నవ్వుతూ.

నిజమే, అనలేదు. బడీ అనలేదు, మాస్టారి చోట ఎవర్నీ వెయ్యలేదు, అంతే. మా ఇళ్లలోనూ పిల్లల్ని తెలుగు మాట్లాడొద్దని ఎవరూ అనలేదు. నాకు కడుపు మండి, వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. చుట్టూ చేరిన మనవలు "నానీ క్యా బోల్ రహీ హై?" అంటూ, అమ్మమ్మ ఏమంటోందో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ గుంపులో నా తిట్లు అర్థమైంది వాడొక్కడికే.