బారెడు దారం

మొన్న మంగళవారం పొద్దున ఆంజనేయస్వామి దర్శనం చేసుకుని వచ్చి, చాయ్ తాగి, వరండాలో చాప వేసుకుని చిరిగిన దిండు గలీబు ఒడిలో పెట్టుకున్నాను. సూదిలోకి దారం ఎక్కించడానికి చాలాసేపే పట్టింది. ఎట్టకేలకు ఎక్కిందన్న సంతోషంలో రీలు నుంచి లాగాను, ఇంకా లాగాను. రెండు చేతులూ బార్లా చాపినా దారం వస్తూనే ఉంది. అంతలో లోపలి నుంచి వచ్చిన మా కోడలు గుమ్మంలోనే ఆగిపోయి, "అత్తమ్మా, గంత పొడుగు దారమేంది? మూరెడు దాటొద్దని నాకు నేర్పింది మీరే గదా!" అని నవ్వింది. నేనూ నవ్వాను. కానీ చాపిన చేతులు చాపినట్టే ఉండిపోయాయి. సరిగ్గా ఇలాగే, చేతులు బార్లా చాపుకుని కూర్చున్న మనిషి ఒకరు నా కళ్ల ముందుకొచ్చారు.

కుట్టుపని చేసేవాళ్లకు చెడ్డ అలవాట్లు అంటకుండా ఉండవు. మా పక్కింటి వదిన జాకెట్లు కుట్టేది. గుండుసూదులన్నీ పెదవుల మధ్య బిగించి పెట్టుకుని కొలతలు తీసేది. "వదులుగా కావాలా, బిగువుగానా" అని ఆమె అడుగుతోందో, మనం చెప్పింది ఒప్పుకుంటోందో ఆ "ఊఁ... ఊఁ..."లో తెలిసేది కాదు. అందుకే మా వాడకట్టు ఆడవాళ్లలో సగం మంది ఊపిరి బిగబట్టుకుని పేరంటాలకు వచ్చేవాళ్లు. ఇక నేనంటారా, కత్తెర మోకాలి పక్కనే ఉన్నా దారాన్ని పళ్లతోనే కొరుకుతాను. ముందుపంటి మీద చిన్న నొక్కు కూడా పడింది. బట్టల కత్తెరతో పాలపాకెట్టు కోశాడని మా ఆయనతో రెండు రోజులు మాట్లాడని దాన్ని, అదే కత్తెరతో కొత్తిమీర కట్టకున్న తాడు కోస్తూ ఆయనకే దొరికిపోయాను. ఇవన్నీ చిన్న తప్పులు. నా అసలు చెడ్డ అలవాటు వేరే ఉంది. వంకర కుట్టు కంటబడితే విప్పకుండా ఉండలేను. పెళ్లికి వెళ్తే ముందు కుర్చీలో కూర్చున్నావిడ జాకెట్టు వీపు మీద కుట్టు పక్కకు పోయిందంటే ఇక నాకు మంగళసూత్రధారణ మీద ధ్యాస నిలవదు. దేవుడి దగ్గర కూడా ఒప్పుకున్న మాటే ఇది. ఒకప్పుడు దాన్ని చెడ్డ అలవాటని అనుకోలేదు సరికదా, లోలోపల కాస్త గొప్పగానే అనుకున్నాను.

మాది శామీర్‌పేట దగ్గర ఊరు. ఇప్పుడు మా ఇంటి చుట్టూ ప్లాట్లకు పాతిన రాళ్లు, వాటి వెనక కొత్త అపార్టుమెంట్లు ఉన్నాయి గానీ, నేను కాపురానికి వచ్చినప్పుడు ఇంటి వెనక తలుపు తీస్తే మా జొన్న చేనే. కార్తీకం వచ్చిందంటే చెరువు మీది నుంచి కొట్టే గాలికి ఎముకలు వణికేవి. ఆ చలికి మందు మా అత్తమ్మ కుట్టే బొంతలే. ఆమె పుట్టిల్లు కీసర వైపు. చేసింది వ్యవసాయం. అందుకని బొంత మీది కుట్టు వరుసలను కూడా సాళ్లు అనేది, నాగలి సాళ్లలాగే. పాత చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, అంచులు లోపలికి మడిచి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సాలు కొట్టుకుంటూ పోయేది. చూస్తుంటే విత్తనం వేసినట్టే ఉండేది. ఆమెకు అక్షరం రాదు. నేను బడి మెట్లు ఎక్కలేదు గానీ, మా బాపు పొద్దుగూకే వేళ అరుగు మీద పలక ఇచ్చి కూర్చోబెట్టి చదవను, రాయను నేర్పాడు. ఆయన పుణ్యాన రామాయణం పట్టి చదవగలిగాను. మా అత్తమ్మకు అది తెలిసిన రోజునే మా ఇద్దరి మధ్య ఒప్పందం కుదిరిపోయింది. "నువ్వు సదువు, నేను కుడత" అంది. అప్పటినుంచి పగటి అన్నాలు అయ్యాక వెనక వసారాలో నా గొంతూ ఆమె సూదీ కలిసి నడిచేవి. హనుమంతుడు సముద్రం దాటేసరికి ఎన్ని బొంతలు పూర్తయ్యాయో చెప్పలేను.

నాకు కుట్టు నేర్పిందీ ఆమే. మొదటి పాఠం దారం పొడుగు. వేలి కొస నుంచి మోచేతి దాకా, మూరెడు. అంతకు ఒక్క వేలు ఎక్కువ తీసినా ఊరుకునేది కాదు. "బారెడు దారం తీసేది ఒళ్లు వంగనోళ్లు. సూదిల మల్ల మల్ల ఎక్కియ్యాల్నని బద్దకం. ఇగ చిక్కు పడ్డంక కూసోని ఏడుస్తరు" అనేది. నేను చిక్కు పడి ఏడ్చిన రోజులు ఉన్నాయి కాబట్టి ఆ మాట ఒంటబట్టింది.

పదహారేండ్ల కిందట మా అమ్మ పోయింది. ఆమె నేతచీరలు ఐదు మూటగట్టి తెచ్చుకుని పెట్టెలో దాచాను. అప్పుడప్పుడు పెట్టె తెరిచి, ముఖానికి ఆనించుకుని, మళ్లీ మడతపెట్టేదాన్ని. ఒకరోజు మా అత్తమ్మ చూసింది. ఓదార్పు మాటలు ఆమెకు చేతకావు. "పెట్టెల ఉంటె పురుగులు కప్పుకుంటయ్, బొంత జేస్తె నువ్వు కప్పుకుంటవ్. ఇటు తే" అంది. పైకి పచ్చచీర, దానికి ఎర్రంచు. కార్తీకంలో మంచి రోజు చూసి, సూదిని కళ్లకద్దుకుని మొదలుపెట్టింది.

అప్పుడు చూశాను ఆ బారెడు దారాన్ని. నాకు మూరెడు నేర్పిన మనిషి రెండు చేతులూ చాపి దారం తీస్తోంది. నాలుగు కుట్లకోసారి చిక్కు పడుతోంది. చిక్కును విప్పకుండా బొంతలోకే కుట్టేస్తోంది. సాలు ఎడ్లు బెదిరిన చోట నాగలి పోయినట్టు పక్కకు పోతోంది. "ఏందత్తమ్మా, నీ మాట నువ్వే తప్పుతున్నవ్?" అంటే, "ముసలిదాన్ని గదనే, నాకు మాఫ్ ఉంటది. నువ్వు సదువు" అని నవ్వేసింది. ఒకసారి, రెండుసార్లు నవ్వు వచ్చింది గానీ తర్వాత కష్టంగా తోచింది. అది మా అమ్మ చీర. దాని మీద ముడులు, వంకరలు. పొద్దున్నే మా అత్తమ్మ గుడికి వెళ్లేది. దారి ఆమె కాళ్లకు తెలుసు. అక్కడ నలుగురితో మాట్లాడి వచ్చేసరికి గంటన్నర పట్టేది. ఆ గంటన్నరలో నేను బొంత తీసి, ముందురోజు ఆమె కొట్టిన సాలును మెల్లగా విప్పేసి, మూరెడు దారంతో తిన్నగా మళ్లీ కుట్టి, ఎలా ఉన్నదాన్ని అలా మడిచిపెట్టేదాన్ని. ఒక రోజుతో ఆపేస్తే బాగుండేది. కార్తీకం పోయింది, మార్గశిరం పోయింది, పుష్యం కూడా సగం అయింది. ప్రతి పొద్దునా అదే పని. ఇది కూడా ఒక సేవే అనుకుని, ఇంత చక్కటి చేతులిచ్చిన స్వామికి దండం పెట్టుకునేదాన్ని.

రోజూ కుట్టు మొదలుపెట్టే ముందు మా అత్తమ్మ నిన్నటి సాలు మీద చూపుడువేలు పెట్టి, ఈ కొస నుంచి ఆ కొసకు నడిపించేది. తర్వాత తనలో తానే, "మంచిగనే వస్తాంది" అనుకునేది. ఆమె గుర్తుపట్టలేదన్నదే నా ధైర్యం. ఆ వేలు ఎందుకు నడుస్తోందో మాత్రం ఆలోచించలేదు.

సంక్రాంతి దాటాక ఒకరోజు ఆమె మా ఆయనకు చాయ్ పోస్తూ గ్లాసు పక్కన పోసింది. అంతకు ముందు కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. ఆయన, "అమ్మా, ఒకపారి కండ్లు సూపిచ్చుకుందామే. మేడ్చల్‌ల కండ్ల దవాఖాన ఉన్నది గదా" అన్నాడు. ఆమె వెంటనే లేచి, బొంత తెచ్చి ఆయన ముందు పరిచింది. "నా కండ్లకేం రోగం రా? దా, గీ సాలు మీద యేలు పెట్టి సూడు. కండ్లు లేనోళ్లు గింత సక్కగ కుడతరా?" అంది. ఆయన వేలు పెట్టి చూశాడు. "మంచిగనే ఉన్నది" అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఆ సాలు నేను ఆ పొద్దున్నే కుట్టింది. చెప్పాలని నోటి దాకా వచ్చింది. చెబితే దొంగతనం బయటపడుతుందని మింగేశాను. అలా మింగిన మాటతో ఇంకో పది రోజులు గడిపాను. ఆ పది రోజులూ విప్పడం మానానా అంటే, అదీ లేదు. చెయ్యి ఆగలేదు.

పదో రోజు మధ్యాహ్నం రామాయణం పట్టుకుని వసారాలోకి వెళ్తే ఆమె నన్ను గమనించలేదు. వెలుతురు వైపు తిరిగి, సూదిని ఆకాశానికి ఎత్తి పట్టుకుని ఉంది. దారం కొస తడి చేసి బెజ్జం దగ్గరికి తెచ్చింది. ఎడమ పక్క నుంచి పోయింది. మళ్లీ తెచ్చింది, కుడి పక్క నుంచి పోయింది. తర్వాత సూదిని నాలుక మీద ఆనించి, ఆ చిన్న బెజ్జం ఎక్కడుందో నాలుకతో వెతుక్కుంది. "రామా" అనుకుంటూ ఎన్నిసార్లు ప్రయత్నించిందో లెక్క తెలియదు. చివరికి దారం దూరింది. సూది పట్టుకున్న చేతులతోనే దండం పెట్టింది. ఆ తర్వాత రెండు చేతులూ చాపి, లాగింది, ఇంకా లాగింది. అంత కష్టపడి ఎక్కించిన దారాన్ని ఎవరు మాత్రం మూరెడుకు తెంపుకుంటారు?

ఆమె ముందు కూలబడి, "అత్తమ్మా, ఆ సాళ్లు నీయి గావు. నాయి" అన్నాను. ఆమె చెయ్యి ఆగింది. "ఎన్ని?" అంది. "కార్తీకం సంది అన్నీ" అన్నాను. బొంత మీద వేలు పెట్టి ఒక్కో సాలూ నడిపించింది, మొదటి నుంచి. అప్పుడు అంది: "నా యేళ్లు నాకు అబద్ధం జెప్తలేవు, కండ్లు మసకైనా పని మంచిగనే ఉన్నదనుకున్న. అయ్యో దొంగదానా, నువ్వు కుట్టి నాతోని గొప్పలు జెప్పిస్తివి గదనే!" నేను ఏడుస్తుంటే ఆమె నవ్వింది. కళ్ల సంగతి ముందే ఎందుకు చెప్పలేదని నేను అడిగితే, "జెప్తె సూది గుంజుకుంటరు. మీ అమ్మ చీరలు మల్ల పెట్టెల వడ్తయ్" అంది. ఇద్దరం ఒకే బొంత కోసం ఒకరి దగ్గర ఒకరం దాచుకున్నాం.

మర్నాడే మేడ్చల్ తీసుకెళ్లాం. కుడికంట్లో పొర ముదిరింది, ఆపరేషన్‌తో పోతుందన్నారు. ఎడమకంటి నరం ఎండిపోయింది, ఇక రాదన్నారు. మూడు నెలల ముందు వచ్చి ఉంటే ఎడమదీ కొంత మిగిలేదేమోనని డాక్టరమ్మ మెల్లగా, ఎవరినీ తప్పుపట్టకుండా అంది. మూడు నెలలంటే కార్తీకం. ఆ "ఏమో"ను నేను ఇంతవరకు ఏ గుడిలోనూ దింపుకోలేకపోయాను. కుడికన్ను దక్కింది. దానికి ప్రతి మంగళవారం దండం పెట్టుకుంటాను.

నల్లద్దాలు తీసేసిన రోజు ఆమె మొదట అడిగింది బొంతనే. ఒడిలో వేసుకుని ఒంటికన్నుతో వంగి వంగి చూసింది. "గిది నీది. గిది నీది. గిది గూడ నీదే" అంటూ చివరి దాకా వచ్చి, తల ఎత్తింది. "నాది ఒక్కటన్న ఉంచకపోతివి గదనే" అంది. అందులో కోపం లేదు, ఉంటే బాగుండేది. వంకరలు సరిచేశానని అనుకున్న నాకు, ఆమె చేతిపనినంతా తుడిచేశానని అప్పుడు తెలిసింది. ఇంకా జానెడు చోటు మిగిలింది. అక్కడ మూడు సాళ్లు పడతాయి. నేను సూదికి దారం ఎక్కించి ఇచ్చాను, మూరెడు మూరెడు. ఆమె కుట్టింది. ఒక కన్నుతో కుట్టిన సాలు తిన్నగా ఎలా వస్తుంది? మూడూ మూడు దారులు పట్టాయి. "ఒట్టు, ముట్టద్దు" అని నా చెయ్యి తన తల మీద పెట్టించుకుంది. నా వేళ్లు మాత్రం ఎన్నో రోజులు దురద పెట్టాయి. ముట్టలేదు. ఆ తర్వాత ఆమె ఏడేండ్లు బతికింది. పోయేదాకా ఆమె సూదికి దారం ఎక్కించే పని నాదే.

మొన్న వరండాలో ఆ చాపిన చేతులు దించి, దారాన్ని సూదిలోంచి లాగేసి, సూదిని మా కోడలి వైపు చాపాను. "జర ఎక్కియ్యి బిడ్డా. నాకు బెజ్జం కనవడ్తలేదు" అన్నాను. ఎంత చిన్న మాట. మా అత్తమ్మ నోటికి అది మూడు నెలలు రాలేదు. కోడలు నవ్వు ఆపేసి, సూది తీసుకుని, నా ముఖంలోకి చూసింది. "రేపే పోదాం దవాఖానకు" అంటూ మూరెడు కొలిచి తెంపింది, పళ్లతో కాదు, కత్తెరతోనే.

ఆ రాత్రి బొంత కప్పుకుని పడుకున్నాను. పదహారేండ్ల ఎండలకు, ఉతుకులకు మా అమ్మ పచ్చచీరా ఎర్రంచూ కలిసి ఏ రంగో చెప్పలేనట్టయ్యాయి. నేను తిన్నగా కుట్టిన సాళ్లన్నీ గుడ్డలో కలిసిపోయి, వేలికి కూడా అందడం లేదు. కాలం వాటిని తనలోకి తీసేసుకుంది. కాళ్ల వైపు జానెడు మేర ఆ మూడు వంకర సాళ్లు మాత్రం, ముడులతో సహా, కళ్లు మూసుకున్నా దొరుకుతున్నాయి.