పక్కింటితో ఉమ్మడి గోడ

1974లో నేను విజయవాడలో లైసెన్స్‌డ్ సర్వేయర్‌ని. అంటే ఇళ్లకు ప్లాన్లు గీసి, మునిసిపాలిటీలో మంజూరు చేయించి, కట్టుబడి పూర్తయ్యేదాకా దగ్గరుండి చూసుకునేవాణ్ణి. పాత ఊళ్లో పెంకుటిళ్లు పడగొట్టి మేడలు లేపుతున్న రోజులవి.

దివిసీమ నుంచి వచ్చి బియ్యం వ్యాపారంలో స్థిరపడ్డ వెంకటరత్నం గారు ఒక సందులో ఇల్లు కొన్నారు. ఆ సందులో అన్నీ ఒకే ఎత్తు పెంకుటిళ్లు. ఆయన మాత్రం పాతది తీసేసి మూడంతస్తులు కట్టాలన్నారు. పక్కింటికీ దానికీ మధ్య ఉన్నది ఒకటే గోడ, అదీ మట్టి అడుసుతో కట్టింది. దాని అవతల రిటైరైన టీచరు శాంతమ్మ గారు, పక్షవాతంతో మంచాన పడ్డ ఆమె భర్త యోహాను మాస్టారు ఉండేవారు.

అలాంటి గోడ పక్కన పునాది తీసేటప్పుడు గోడ పొడవునా ఒకేసారి కాకుండా నాలుగేసి అడుగుల ముక్కగా తవ్వి, కాంక్రీటు నింపి, ఆ తర్వాతే ముందుకు పోవాలి.

"వానలొచ్చేస్తున్నాయండీ, మొత్తం ఒకేసారి తవ్వించెయ్యండి," అన్నారు వెంకటరత్నం గారు.

వద్దనాల్సింది. సరేనన్నాను.

మూడో రోజు పొద్దున గోడ మీద వెంట్రుకంత బీట కనిపించింది. దానికి అడ్డంగా ఒక సన్నని గాజుముక్కను సిమెంటుతో అంటించాను. దీన్ని టెల్‌టేల్ అంటారు. గోడ కదిలితే గాజు పగులుతుంది.

"మాస్టారి మంచం ఈ గోడ పక్కనే ఉందండీ. జరపమంటారా?" అని అడిగారు శాంతమ్మ గారు.

"ఏం కాదండీ, మీరేం కంగారుపడకండి."

అన్నానే గానీ నాకే కాలు నిలవలేదు. మర్నాడు ఇంకో సైటుకని మంగళగిరి బస్సెక్కి, బ్యారేజీ దగ్గరే దిగిపోయి వెనక్కి వచ్చాను. గాజు రెండు ముక్కలై ఉంది.

పని ఆపించాను. వెంకటరత్నం గారు మండిపడ్డారు. "ఇంత బీటకే ఇంత హడావుడా?"

"ముందు మీరు లోపలికి రండి, మంచం పట్టాలి," అన్నాను.

విసుక్కుంటూనే వచ్చారు. మాస్టారిని చూశాక పంచె ఎగ్గట్టి ఒక కోడు ఆయనే పట్టుకున్నారు. మంచంతో సహా మాస్టారిని ఎదురింటి వరండాలోకి చేర్చాం. భోజనాల వేళకి గోడ పునాది గోతిలోకి ఒరిగిపోయింది. దాని మీద ఆనిన దూలాలూ పెంకులూ మంచం ఉన్నచోటే కూలాయి.

ఆ గోడా కప్పూ వెంకటరత్నం గారే మళ్లీ కట్టించారు. మూడంతస్తులూ లేచాయి. గృహప్రవేశం నాడు శాంతమ్మ గారు నన్ను తమ ఇంట్లోకి పిలిచి, ప్లాను చూపించమన్నారు. పరిచాను. మెట్లు, కిటికీలు, కుళాయి దాకా అన్నీ గుర్తించి ఉన్నాయి.

"ఇందులో మేమెక్కడున్నామండీ?"

గీత అవతల ఖాళీగా వదిలేసిన చోట వేలు పెట్టి చూపించాను. కళ్లజోడు సర్దుకుని ఆమె దాన్ని చూశారు.

"ఈ మేడ లేవకముందు పొద్దున పూట మాస్టారి మీద కాస్త ఎండ పడేదండీ," అన్నారు.

ఆ తర్వాత ఎవరి స్థలం కొలవాలన్నా ముందు పక్కింటి తలుపు తట్టి, గోడకి అవతల ఎవరు పడుకుంటారో, వాళ్లకి ఎండ ఎటునుంచి వస్తుందో అడిగేవాణ్ణి. అది గిట్టక కొందరు వేరే సర్వేయర్ని చూసుకున్నారు. నేను మాత్రం అడగడం మానలేదు.