చిలకలు అటు తిరిగాయి

డిగ్రీ మొదటి సంవత్సరంలో ఆర్గానిక్ కెమిస్ట్రీతో నాకు ప్రేమ కుదిరింది గానీ మార్కులు కుదరలేదు. మధ్యాహ్నం, అన్నం తిన్న తర్వాత క్లాసు. ఫ్యాను కిర్రుమంటూ తిరిగేది. మేడం సుద్దముక్కతో బోర్డు మీద షట్కోణాలు గీస్తుంటే మిగతావాళ్ళకు నిద్ర వచ్చేది, నాకు మెలకువలోనే కలలు వచ్చేవి. కార్బన్‌కు నాలుగు చేతులుంటాయని చెప్పిన రోజు, హనుమకొండ నుంచి ఇంటికొచ్చే బస్సులో ఎవరు ఎవరి చెయ్యి పట్టుకున్నారా అని చూస్తూ నా స్టాపు దాటిపోయాను. ల్యాబులో ఆమ్లమూ ఆల్కహాలూ కలిపి వేడి చేస్తే మగ్గిన పండు వాసన వచ్చింది. పండు ఎక్కడా లేదు, వాసన మాత్రం గదంతా ఉంది. నా చున్నీకి కూడా పట్టింది. దాన్ని ఉతకడానికి ఇవ్వనంటే అమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

ఇంత ప్రేమించీ, మొదటి సెమిస్టర్‌లో తప్పింది ఆ పేపరే.

మాది మగ్గాల ఇల్లు. బాపు జంపఖానాలు నేస్తాడు, అమ్మ నూలును కండెలకు చుడుతుంది. నేను తప్పానని తెలిసి మేనమామ వచ్చాడు. ఆయనకు చౌరస్తాలో బట్టల దుకాణం.

"ఎందుకు బావా గీ తిప్పలు? మల్ల తప్పితె నా దుకాణంల కూసోనియ్యి. నమ్మకమైన మనిషి దొర్కక సత్తాన" అన్నాడు.

"సూద్దాం తీ" అన్నాడు బాపు.

బాపు నోట ఆ మాట వచ్చిందంటే సగం ఒప్పుకున్నట్టే. ఇంకోసారి తప్పితే నా చదువు చీరల మడతల్లోకి పోతుంది. భయం వేసింది. మామ మీద కోపమూ వచ్చింది. ఆయన టీలో చక్కెర వెయ్యలేదు, కావాలనే.

నిజానికి నేను తప్పుతున్నది ఒక్కచోటే. పెరుగుకు పులుపునిచ్చే లాక్టిక్ ఆమ్లం ఉంటుంది కదా, దాన్ని కాగితం మీద కూడిక గుర్తులా గీస్తారు. నడుమ కార్బన్, దాని నాలుగు చేతులకూ నాలుగు వేరు వేరు ముక్కలు. అలాంటి బొమ్మలు రెండిచ్చి, రెండూ ఒకటేనా, లేక ఒకటి ఇంకోదానికి అద్దంలో బొమ్మా అని అడుగుతారు. బొమ్మను బల్ల మీదే సగం చుట్టు తిప్పి చూడొచ్చు. ఎత్తి బోర్లించకూడదు. అడ్డంగా ఉన్న చేతులు మన వైపుకు వస్తున్నట్టు, నిలువువి అవతలికి పోతున్నట్టు లెక్క. బోర్లిస్తే ఆ లెక్క తారుమారవుతుంది. ఎంత చెప్పినా నా చెయ్యి బోర్లించేది. బోర్లించి, "ఒకటే" అని రాసేదాన్ని.

"ఎందుకట్ల తిప్పుతవమ్మా?" అని మేడం విసుక్కున్నారు.

"మా ఇంట్ల ఎటు తిప్పినా ఒక్కటే మేడం" అన్నాను. క్లాసంతా గొల్లుమంది.

నేను చెప్పింది అబద్ధం కాదు. జంపఖానాకు పైవైపు, వెనకవైపు అంటూ ఉండవు. ఇటు మాసితే అటు తిప్పి పరుచుకుంటారు. చిన్నప్పటి నుంచీ చారల జంపఖానాలు మడతపెట్టిన చేతులు, బోర్లిస్తే వేరవుతుందంటే నమ్మలేదు.

ఎండాకాలంలో, పరీక్ష మళ్ళీ రాయడానికి ముందు, బాపుకు ఎవరో చిలకల జంపఖానా నెయ్యమని చెప్పారు. మా ఇంట్లో ఎప్పుడూ చారలే. ఈసారి మాత్రం చిలకలన్నీ ఒకే వైపు చూడాలట. మగ్గం మీంచి దించాక దుమ్ము దులపమని నాకిచ్చాడు. మేడ మీద పరిచాను. చిలకలు రైలుపట్టాల వైపు చూస్తున్నాయి. దులిపి, పక్కకు బోర్లించి పరిచాను. చిలకలు పక్కింటి నీళ్ళ ట్యాంకు వైపు చూస్తున్నాయి.

అదే నూలు, అదే ఆకుపచ్చ. చూపు మాత్రం మారింది. బోర్లించకుండా నేల మీదే చుట్టూ తిప్పి చూశాను. పట్టాల వైపు తిరిగాయి గానీ తలకిందులయ్యాయి. కాళ్ళ మీద నిలబడి అటు చూడాలంటే మళ్ళీ బోర్లించక తప్పదు. నెత్తి మాడుతున్నా అక్కడే కూర్చుండిపోయాను. చిలకల మధ్య కార్బన్‌లు చేతులు చాచి మెల్లగా తిరుగుతున్నట్టుంది. నాకు ఏడుపొచ్చేంత సంతోషమైంది.

"దుల్పుతానవా, పండుకున్నవా?" అని కింద నుంచి అమ్మ కేకేసింది.

ఆ పరీక్షలో కాగితం ఎత్తలేదు.

ఫలితం ఫోన్‌లో చూసుకుని మగ్గం గదిలోకి పరిగెత్తాను.

"బాపూ, పాసైన!"

"మంచిగైంది" అన్నాడు బాపు, చెయ్యి ఆపకుండానే. "మీ మామకు పొద్దుగాల్నే చెప్పిన, పిల్ల రాదని."

పొద్దున ఇంకా ఫలితాలు రాలేదు.

"మరి తప్పితె ఏం చేత్తుంటివి?" అని అడిగాను.

"మల్ల రాత్తువు" అన్నాడు. "నిద్రల గూడ నవ్వుకుంట, గాలిల వేలుతోని ఏందో గీత్తానవ్ బిడ్డా. గసుంటి పిల్లను దుకాణంల ఎట్ల కూసోవెట్టాలె?"