ఈరప్ప చేసిన ఎండాకాలపు క్రిస్మస్

వరిగడ్డిలో మగ్గేసిన కొల్లాపూర్ మామిడిపండ్ల గంప మూత తీస్తే గుప్పుమని వచ్చే వాసన నాకు క్రిస్మస్ వాసన. నలుగురిలో ఈ మాటంటే నవ్వుతారు. క్రిస్మస్ అంటే చలి, కేకు, గోడలకు కొత్త సున్నం కదా, మధ్యలో ఈ మామిడిపండ్లేమిటంటారు. ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తెలియక నేనూ నవ్వేస్తాను. మొన్న మే నెలాఖరులో గద్వాలలోని మా ఇంట్లో గంప దించగానే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది, ఒక్కో పండునూ ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది, పెద్దవీ మచ్చలేనివీ ఏరి తన పాత చీర ముక్కలో మూటకట్టింది. "అవి ముట్టకు" అంది. ఎవరికోసమో చెప్పలేదు. అప్పటికే నా మనసు ఇటిక్యాల దాటి మా ఊరి మట్టిరోడ్డెక్కింది.

మా చిన్నప్పుడు ఆ ఊళ్లో వాన పడితే జొన్నలు, పడకపోతే వలస. దీపావళి దాటగానే కూలీలను దూరం పనులకు తీసుకుపోయే మేస్త్రీ లారీ వచ్చేది. జొన్నపిండి మూటలు, రేకు పెట్టెలు, పారలు, గంపలు ఎక్కాక మనుషులు ఎక్కేవాళ్లు. మా అమ్మానాన్నలు ఎక్కడెక్కడి కాలువలు తవ్వారో, ఎవరి ఊళ్లకు నీళ్లు పారించారో వాళ్లకే సరిగ్గా తెలియదు. మళ్లీ జూన్ మొదట్లో పడే మిరుగు వానల ముందు, మామిడిపండ్లు వచ్చే రోజుల్లో తిరిగొచ్చేవాళ్లు. ఆ మధ్య కాలమంతా ఊళ్లో ముసలివాళ్లు, పిల్లలు, మేకలు. నన్నూ, తరవాత పుట్టిన నా తమ్ముడు దానియేలునూ మా అవ్వ సాకేది. పొద్దున సద్దిరొట్టె, మిరపకారం, నువ్వులనూనె చుక్క పెట్టి, సాయంత్రం గడపలో కూర్చోబెట్టుకుని పేలు చూస్తూ అమ్మ ముచ్చట్లు చెప్పేది. చెప్పకపోయినా బాగుండేదేమో, విన్నకొద్దీ ఏడుపొచ్చేది.

మా గుడిసెల చివర రేకుల కప్పు ప్రార్థన మందిరం ఉండేది. దానికి పాస్టరు ఈరప్ప. ఆయన మా ఊరివాడు కాదు, పుట్టుకతో మా మతంవాడూ కాదు. రాయచూరు పక్కనుంచి రాళ్లు కొట్టే గుంపుతో కాలువ పనికి వచ్చాడట. తాగుడు, కొట్లాట, నోటికి అడ్డూ ఆపూ లేని మనిషట. ఒక ఎండాకాలం జ్వరంతో ఒళ్లు తెలియకుండా పడివుంటే గుంపువాళ్లు వదిలేసి వెళ్లిపోయారు. మా అవ్వే ఇంట్లోకి తెచ్చి జొన్నగంజి తాగించి, తలాపున కూర్చుని ప్రార్థన చేసిందట. లేచాక ఆయన మళ్లీ రాయచూరు పోలేదు. అక్కడ ఎదురుచూసేవాళ్లు ఎవరూ లేరు. బాప్తిస్మం తీసుకున్నప్పుడు యోహాను అని పేరు పెట్టారు కానీ, ఆ పేరుతో పిలిస్తే ఆయనే పలికేవాడు కాదు. పాత పాస్టరు పోయాక వాక్యం చెప్పే మనిషి లేక ఈయన్నే నిలబెట్టారు.

పాట ఎత్తుకుంటే మేకలు బెదిరేవి. కన్నడ, తెలుగు కలిపి కొట్టే ప్రసంగంలో దేవుడి కంటే బండల సంగతే ఎక్కువ: ఏ బండకు ఎక్కడ పగులుంటుందో, మనిషి గుండె ఎక్కడ మెత్తబడుతుందో. ఎవరు ఎదురైనా "ఊట ఆయ్తా?" అని అడిగేవాడు, తిన్నావా అని. తినలేదంటే తన రొట్టె సగం విరిచి చేతిలో పెట్టేదాకా కదలనిచ్చేవాడు కాదు. నాకు ఆయనంటే ప్రాణం.

ఒక సంవత్సరం డిసెంబరు క్రిస్మస్‌కు మందిరంలో దగ్గే ముసలివాళ్లూ, ముక్కులు కారే మేమూ తప్ప ఎవరూ లేరు. కొత్త బట్టలు తెచ్చేవాళ్లే ఊళ్లో లేకపోతే కొత్త బట్టలెక్కడివి? ఈరప్ప మరియమ్మ బిడ్డను పొత్తిళ్లలో చుట్టి పక్కన పడుకోబెట్టుకున్న సంగతి చెబుతున్నాడు. ఉన్నట్టుండి నా పక్కనున్న పిల్ల ఏడుపు మొదలుపెట్టింది, దాన్ని చూసి నేను, నన్ను చూసి మిగతావాళ్లు. కాసేపటికి మందిరమంతా ఒకటే ఏడుపు. ఈరప్ప బైబిలు మూసేశాడు.

"తల్లి పక్కన లేని పండుగ ఏం పండుగరా మగా" అన్నాడు. మగా అంటే ఆయన భాషలో కొడుకా అని. "ఇయ్యాల ప్రార్థన చేసుకుందం. పండుగ మాత్రం లారీ వచ్చినంక. యేసయ్య ఏమనుకోడు, ఆయన తల్లి కూడా బాట మీదున్న మనిషే."

అలా మా క్రిస్మస్ మే నెలకు మారింది. ఆ పండుగ సంబరం ఏ చలికాలానికీ రాదు. వెదురుబద్దలకు రంగుకాగితం అంటించి చేసిన నక్షత్రంలో లాంతరు పెట్టి, పొడుగాటి గడకు కట్టి, లారీ వచ్చే రోజున ఈరప్ప మందిరం మీద నిలబెట్టేవాడు, పెద్దరోడ్డు మలుపునుంచే మావాళ్లకు కనబడాలని. ఇంటింటా భక్ష్యాలు, మామిడిపండ్ల రసం, చింతచిగురు వేసిన మేకమాంసం. యేసు పుట్టుక నాటకంలో గొర్రెలకాపరులకు గొల్ల మల్లయ్య తాత తన గొంగళ్లు ఇచ్చేవాడు. రోహిణి ఎండలో అవి కప్పుకుని చెమటలు కారుస్తూ "చలి, చలి" అని వణకడం మా పిల్లలకే చెల్లింది. బాలయేసును చూడవచ్చే జ్ఞానుల వేషం మాత్రం ఎవరూ వేసేవాళ్లు కారు. లారీ దిగిన అమ్మానాన్నలే రేకు పెట్టెలు నెత్తిన పెట్టుకుని, నక్షత్రాన్ని చూసుకుంటూ నేరుగా మందిరానికి నడిచొచ్చేవాళ్లు. దూరదేశంనుంచి కానుకలు తెచ్చింది వాళ్లే కదా!

ఈ సంగతి పట్నంలో పాస్టర్లకు పెద్దయిన అయ్యగారి చెవిన పడింది. మూడో ఏడు సరిగ్గా లారీ వచ్చే రోజునే జీపులో దిగారు. తెల్లటి బట్టలు, చేతిరుమాలు, మొహంలో ఎండంత కోపం.

"డిసెంబరు పండుగ మే నెల్ల చేస్తవా? ఎవర్ని అడిగి చేస్తున్నవ్?"

"ఎవర్ని అడగలే అయ్యా. తల్లులు వచ్చేదాక ఆగిన, గంతే."

"ఇయ్యాల్టితో బంద్ చెయ్యి. లేకుంటే సంఘం విడిచిపో. ఇంకొకర్ని పంపుత."

మా అవ్వ చేతిలో పిండి ముద్ద అలాగే ఉండిపోయింది. ఈరప్ప కొంగలా ఒంటరి మనిషి, ఈ మందిరం వెనక గది తప్ప ఆయనకు నిలువ నీడ లేదు. ఆ గది పోతే ఎటు పోతాడు? ఆయన చేతిలో నక్షత్రం గడకు సగమే కట్టి ఉంది. మిగిలిన ముడి కూడా వేశాడు. "పంపుండ్రి అయ్యా. ఈ పొద్దుకైతే నక్షత్రం లేపుత. వాళ్లు బాటలున్నరు" అని గడ నిలబెట్టేశాడు. నాకు భయమేసింది, లోపల మాత్రం చెప్పలేనంత గర్వం.

పొద్దు గూకేవేళకు లారీ వచ్చింది. పిల్లలంతా అరుచుకుంటూ ఉరికారు. నేను అమ్మ నడుము కరుచుకున్నాను, ఆమె చీరనిండా సిమెంటు వాసన. దానియేలు మాత్రం రాలేదు. అమ్మ పోయేటప్పుడు పాకేవాడు, ఇప్పుడు నడుస్తున్నాడు. వాడికి అమ్మ ఎవరో తెలియలేదు. ఈరప్ప పంచె వెనక దాక్కుని తొంగి చూస్తున్నాడు. అమ్మ చేతులు చాచి అలాగే మోకాళ్ల మీద కూలబడింది. "నా కొడుకు నన్ను మరిచిండు" అంటూ గుండె బాదుకుంది.

ఈరప్ప వాణ్ని ఎత్తుకుని నక్షత్రం చూపించాడు. "మీ అమ్మ దాన్ని చూసుకుంట చానా దూరంనుంచి వచ్చింది రా, నీ కోసమే" అని అమ్మ పక్కనే నేలమీద కూర్చున్నాడు. తొందరపెట్టలేదు. మామిడిపండు పిసికి, తొడిమ కొరికేసి, అమ్మ చేతికిచ్చాడు. అమ్మ దాన్ని వాడి నోటికి అందించింది. వాడు చీకుతూ చీకుతూ ఆమె మొహం చూశాడు, చెవి కమ్మ పట్టుకుని చూశాడు, చివరికి ఆమె ఒళ్లోకి జారాడు.

పెద్దయ్యగారు జీపు దగ్గరనుంచి ఇదంతా చూస్తూనే ఉన్నారు. అవ్వ ఆయన చేతిలో కూడా ఒక పండు పెట్టింది. తెల్లచొక్కా మీద రసం కారుతున్నా తుడుచుకోలేదు. వెళ్లేముందు ఈరప్పతో "డిసెంబరు ఆరాధన మాత్రం తప్పొద్దు" అన్నారు. ఇంకొకర్ని పంపే మాట మళ్లీ ఎత్తలేదు.

తరవాత చాలా ఏళ్లకు ఎత్తిపోతల నీళ్లు మా చేలకూ వచ్చాయి. పత్తి, మిరప, వరి. లారీ రావడం ఆగిపోయింది, దాంతో పండుగ దానంతటదే డిసెంబరుకు వెళ్లిపోయింది. ఇప్పుడు మందిరం పక్కాది, నక్షత్రాలు కరెంటువి, కేకు గద్వాలనుంచి వస్తుంది. గొంగళ్లు లేవు, మల్లయ్య తాత లేడు, అవ్వ లేదు. వలస ఆగినందుకు నాకు సంతోషమే, అది మళ్లీ రావాలని పగవాడికైనా కోరుకోను. అయినా ఆ పండుగ పోయిందంటే బెంగగానే ఉంటుంది, ఏం చెయ్యను? ఈరప్ప ముసలితనంలోనూ మే నెల వస్తే నక్షత్రం లేపేవాడు. అందరూ ఇంట్లోనే ఉన్నారు కదయ్యా అంటే, "ఎవరన్న ఇంకా బాటలుంటే?" అనేవాడు. ఆయన పోయాక ఆ గడను ఎవరూ ఎత్తలేదు.

మా ఇంటి పక్క కొత్త మేడ కడుతున్నారు. సాయంత్రం అమ్మ మామిడిపండ్ల మూట తీసుకుని అటు నడిచింది, నేనూ వెంట వెళ్లాను. ఇటుకలు మోసే ఒక చిన్నవయసు ఆడమనిషి గంపలో గిన్నెలు సర్దుకుంటోంది. రాయచూరు పక్క మనిషి, వానలకు ముందు ఊరికి పోతోంది. పిల్లలు అక్కడే వాళ్ల అవ్వ దగ్గర ఉన్నారట.

"ఊట ఆయ్తా?" అని అడిగింది అమ్మ. ఆమె ఉలిక్కిపడి తలెత్తి నవ్వింది.

అమ్మ మూట ఆమె గంపలో అన్నిటికంటే పైన పెట్టింది. "నలగనియ్యకు బిడ్డా" అంది. "నువ్వు ఇల్లు చేరిన పొద్దే మీ ఇంట్ల పండుగ."