సముద్రం అడుగున కనులు

"నీకు తెలుగు వస్తుందా?" అని ఎవరైనా అడిగితే భువనకు ఒళ్లు మండుతుంది. తమిళనాడులోని గుడియాత్తం మగ్గాల వీధిలో పుట్టి, తెలుగులోనే ఏడ్చి, తెలుగులోనే తిట్లు తిని పెరిగిన మనిషిని అడగాల్సిన మాటేనా అది? మొన్న ఫోనులో ఒకాయన అదే మాట అడిగితే మాత్రం కిక్కురుమనకుండా "వస్తుంది సార్" అంది. ఉద్యోగం మరి.

భూగర్భశాస్త్రం చదివి ఏళ్ల తరబడి వేలూరులో ట్యూషన్లు చెప్పుకుంటున్న భువనకు, చదువుకు తగ్గ పని చేతికి అందేలా ఉండడం ఇదే మొదలు. నెల్లూరు తీరాన సముద్రం అడుగు ఇసుకలో ఏయే ఖనిజాలున్నాయో చూడడానికి ఒక సంస్థ ఓడను పంపబోతోంది. ఆ సంగతి అక్కడి జాలర్లకు తెలుగులో విడమరిచి చెప్పే మనిషి కావాలి. శుక్రవారం వేలూరు ఆఫీసులో మాట్లాడి చూపించాలి. తెలుగు చదవడం వచ్చా అని వాళ్లు అడగలేదు, రాదని తనూ చెప్పలేదు. బడిలో నేర్చింది తమిళ అక్షరాలే. సంస్థ పంపిన తెలుగు కాగితాన్ని ఫోను చేత చదివించుకుని, విన్న మాటలన్నీ తమిళ అక్షరాల్లో రాసుకుంది.

తండ్రి అంకప్ప మగ్గం ఆపి అంతా విన్నాడు. "బాగుండాది అమ్మా. అయితే నాకు చెప్పి ఏం లాభం? నేను సముద్రం మొగం చూసినోడినా? వేలూరు ఆసుపత్రికి నెల్లూరోళ్లు వస్తానే ఉండారు గదా, వాళ్లకు చెప్పి చూడు" అన్నాడు.

ఆసుపత్రి ఎదుటి లాడ్జీలో పోలమ్మ దొరికింది. నెల్లూరు తీరంలో చేపలు అమ్ముకునే మనిషి. మొగుడికి కాలు ఆపరేషనయి మంచం మీదున్నాడు. ఊసుపోక విసిగిపోయున్న పోలమ్మ సంబరంగా ఎదురు కూర్చుంది. భువన గొంతు సవరించుకుని చదివింది.

"మన సముద్రం అడుగున విలువైన కనులు ఉన్నాయి. ఆ కనులు తవ్వితే దేశానికి మేలు."

పోలమ్మ నోరు తెరిచింది. "ఎవురి కళ్లమ్మా అవి? కళ్లు తవ్వేదేంది, పాపం!"

తమిళంలో 'క'కూ 'గ'కూ ఒకటే అక్షరం. పైగా 'గని' భువన ఇంట్లో ఆడే మాట కాదు, తమిళంలోలాగే వాళ్లకది సురంగమే. రాసుకున్న గనులు చదివేసరికి కనులైపోయాయి. భువనకు తల కొట్టేసినట్టయింది. ఫోను చేత మళ్లీ చదివిస్తే విషయం తెలిసి పోలమ్మ విరగబడి నవ్వింది. ఆ నవ్వు చూసి భువనా ఆగలేకపోయింది.

నవ్వు ఆగాక పోలమ్మ అడిగింది. "సరే, గనులే. ఓడ తిరిగేటప్పుడు మావోళ్లు వలలు ఏడ వేసుకోవాల? రేపు తవ్వితే చేప ఉంటాదా, పోతాదా?"

భువన కాగితమంతా వెతికింది. అందులో ఆ ఊసే లేదు. "తెలీదక్కా" అంది.

"చెప్పేదానికి శానామంది వస్తారు తల్లీ. మేం చెప్పేది ఎవురూ తీసకపోరు" అంది పోలమ్మ కోపం లేకుండానే. ఆ కోపం లేకపోవడమే భువన మనసును కోసేసింది.

శుక్రవారం దాకా ఆమెకు అదే ఆలోచన. చదవడం రాదని చెప్తే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే రేపు ఊళ్ల ముందు ఏ మాట ఏమవుతుందో! ఆఫీసులో నారాయణన్ అనే పెద్ద అధికారి ఎదురుగా నిలబడి, ఉన్నదున్నట్టు తమిళంలో చెప్పేసింది. కనుల సంగతి చెప్పింది. పోలమ్మ ప్రశ్నలూ అడిగింది.

నారాయణన్ బల్ల మీది కాగితాన్ని పక్కకు తోసేశాడు. పోయింది ఉద్యోగం అనుకుంది భువన.

"చేప ఉంటుందో పోతుందో మాకే ఇంకా తెలీదు. తెలియకుండా తవ్వం, అందుకే ముందు సర్వే. ఓడ దారి కూడా ఇంకా గీయలేదు" అన్నాడాయన. "వాళ్లు వలలు వేసే చోట్లు తెలిస్తే తప్పించి గీయొచ్చు. అడిగి తెలుసుకునే మనిషే లేడు మాకు."

"నేనుండాను సార్."

"తెలుగు చదవడం?"

"ఓడ కదిలేలోపల నేర్చుకుంటాను."

ఆయన తలూపాడు. భువన మెట్లు దిగి, ఏడుపో నవ్వో తెలియకుండా, నేరుగా లాడ్జీకి పరుగెత్తింది. ఆయాసపడుతూనే పోలమ్మకు విషయం చెప్పింది.

పోలమ్మ గబగబా మంచం దగ్గరికి పోయి మొగుణ్ణి తట్టి లేపింది.

"ఏమయ్యో, లేసి కూర్చో. ఈ పాప మనకు చెప్పేదానికి కాదంట, మనల్ని అడిగేదానికి వచ్చింది."