జంపని దగ్గర గోతులు

తెనాలి ఆసుపత్రిలో పిండాన్ని నా గర్భంలో పెట్టిన కాసేపటికే డాక్టరమ్మ లేవమన్నారు. "కదలకుండా పడుకోబెట్టడం వల్ల లాభం లేదని పరిశోధనల్లో తేలిందమ్మా. మామూలుగా నడవండి."

నేను సైన్సు టీచర్ని. అత్తగారు చక్రాల కుర్చీ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నా, పంతంకొద్దీ కారు దాకా నడిచాను. రేపల్లెలో ఇల్లు చేరేదాకా ఆవిడ నాతో మాట్లాడలేదు. జంపని దగ్గర రోడ్డు మీద గోతులొచ్చినప్పుడు మాత్రం, కారు నడుపుతున్న మా ఆయన భుజం తట్టి "మెల్లగా పోనియ్యరా" అన్నారు.

ఆ గర్భం నిలవలేదు. అత్తగారు తిట్టలేదు. అన్నం వడ్డిస్తూ "ఆ రోజు నడవకుండా ఉండాల్సిందమ్మా" అన్నారు, అంతే. నాకు ఒళ్ళు మండింది. బాపట్లలో ఉన్న మా అమ్మకి ఫోన్ చేసి చెప్తే, "పెద్దావిడ మాట వింటే ఏం పోయిందే?" అంది. ఆ తర్వాత భయం పట్టుకుంది. పిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని, ఆ నాలుగడుగులూ తలుచుకుని కుమిలిపోయాను.

ఇంకొక్క పిండమే మిగిలింది, ఆసుపత్రి వాళ్ళు గడ్డకట్టించి దాచినది. అదీ పోతే మళ్ళీ మొదలుపెట్టే వయసు కాదు నాది. ఈసారి చక్రాల కుర్చీ నేనే అడిగాను. డాక్టరమ్మ నా ముఖం చూసి, వాదించకుండా తెప్పించారు. ఇంటికొచ్చాక మంచం దిగితే ఒట్టు. అత్తగారు ముద్దలు కలిపి పెట్టారు, తల దువ్వారు, నా పక్కనే చాప వేసుకుని పడుకున్నారు. ఆ రోజుల్లో ఆవిడంటే నాకు ఎంత ప్రేమ పుట్టిందో.

అదీ నిలవలేదు. ఆ మాట ఫోన్లో చెప్పకుండా, డాక్టరమ్మ మమ్మల్ని పిలిపించి, కూర్చోబెట్టి, తలుపు వేసి చెప్పారు.

"ఈసారి కాలు కింద పెట్టలేదండి" అన్నారు అత్తగారు.

"అప్పుడు పోయింది నడిచినందుకు కాదమ్మా. పడుకున్నంత మాత్రాన నిలవదు కూడా."

"మరెందుకండి?"

"కొన్నిటికి కారణం ఇంకా తెలీదమ్మా. వెతుకుతూనే ఉన్నారు."

తప్పు నాది కాదని తేలితే గుండె తేలికవుతుందనుకున్నాను. కాలేదు. తప్పు నాదైనప్పుడు దిద్దుకోవచ్చన్న ఆశ ఒకటి ఉండేది.

తిరిగొస్తుంటే, జంపని దగ్గర గోతులు రాగానే అత్తగారి చెయ్యి అలవాటుగా ముందుకెళ్ళి మా ఆయన భుజం మీద పడింది. "మెల్లగా..." అంటూ ఆగిపోయారు.

ఆయన మెల్లగానే పోనిచ్చారు.